పావు మిల్లీమీటరు

పెళ్లిరోజుకి మా ఆవిడకు ఒంటిరాయి వజ్రపుటుంగరం కొన్నప్పుడు నేను పట్టుబట్టినవి మూడే. క్యారట్ నిండాలి, ఈఎఫ్ కలర్ కావాలి, వీవీఎస్ కావాలి. నగల దుకాణంలో అందరూ అడిగేవే. రాయితో వచ్చిన రిపోర్టులో పాలిష్ ఎక్సలెంట్, సిమెట్రీ ఎక్సలెంట్ అని ఉంది. కట్ దగ్గర మాత్రం గుడ్. రెండు ఎక్సలెంట్ల పక్కన ఒక గుడ్ ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాను.

పోయింది అక్కడే. పాలిష్ అంటే ముఖాల నునుపు. సిమెట్రీ అంటే అవి ఒకదానికొకటి పొందిగ్గా కుదరడం. కోణాలు తప్పిన రాయిని కూడా అద్దంలా సానపట్టొచ్చు. గుండ్రటి రాళ్లకు వజ్రాలను గ్రేడు చేసే సంస్థ జీఐఏ 2006 నుంచి ఇస్తున్న కట్ గ్రేడులో ఐదు మెట్లుంటే గుడ్ మూడోది.

రాయిలోకి దిగిన వెలుగు అడుగున ఉన్న ఒక ముఖానికి తగిలి, ఎదుటి ముఖం మీదికి మళ్లి, పైకి తిరిగి రావాలి. వజ్రంలో కిరణం 24.4 డిగ్రీల కంటే ఏటవాలుగా తగిలితేనే అలా పూర్తిగా మళ్లుతుంది. నిటారుగా తగిలితే చాలావరకు కిందినుంచి బయటికి జారిపోతుంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజనీరు లెక్క కట్టి అడుగు కోణం 40.75, పైభాగం కోణం 34.5 డిగ్రీలుంటే మేలని తేల్చాడు. ఇప్పటివాళ్లు అదొక్కటే దారి అనరు గానీ, మంచి రాళ్లు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. మాదాని అడుగు కోణం 42 దాటింది. దుకాణంలో స్పాట్‌లైట్ల కింద ఏ రాయైనా తళుక్కుమంటుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద దీని నడుమ మసక వలయం కనిపించింది. మా వదిన వేలికున్న 90 సెంట్ల (0.9 క్యారట్) రాయి వెడల్పులో దీనికి సమానం, వెలుగులో దీనికంటే ఎన్నో రెట్లు నయం.

చక్కగా కోసిన క్యారట్ రాయి వెడల్పు ఇంచుమించు 6.5 మిల్లీమీటర్లు. మాది 6.25. ఆ పావు మిల్లీమీటరు ఎక్కడికి పోయిందంటే, అడుగు లోతులోకి, మందపాటి నడుములోకి. సానపట్టేసరికి ముడిరాయిలో సగానికి పైగా పోవడం మామూలే. ముడిరాయిని కొలిచే స్కానర్ ముందే రెండు దారులూ చూపిస్తుంది: మంచి కోణాలతో 90 సెంట్లు, లేదా కోణాలు వదులుకుని క్యారట్. క్యారట్ గీత దాటగానే సెంటు రేటే మారిపోతుంది. నాలాంటివాడు వస్తాడని కోసేవాడికి తెలుసు.

నవ్వొచ్చేదేమిటంటే, ఈ కథ నాకు ముందే తెలుసు. గోల్కొండ వజ్రాల గురించి పిల్లలకు గొప్పగా చెప్పేవాణ్ణి. 1851లో లండన్ ప్రదర్శనలో కోహినూరును చూసినవాళ్లు ఇంతేనా అని పెదవి విరిచారని, మరుసటి ఏడాది దాన్ని మళ్లీ కోయించి 191 క్యారట్లను 105.6కు దించారని. బరువు వదిలితే తప్ప మెరుపు రాదని చెప్పిన నోటితోనే క్యారట్ కిందికి దిగనివ్వొద్దని దుకాణంలో బేరమాడాను.

ఆ తర్వాత మా అమ్మాయి దుద్దులకు ముందు రిపోర్టులో కోణాలు, మిల్లీమీటర్లు చూశాను. రాళ్లను స్పాట్‌లైట్ల కిందినుంచి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, అటూ ఇటూ వంచి చూశాను. సేల్స్ కుర్రాడు విసుక్కున్నాడు.

ఉంగరం రాయిని మళ్లీ కోయిస్తే బాగుపడుతుందా అని సానపట్టేవాణ్ణి అడిగాను. బాగుపడుతుంది, 90 సెంట్లకు దిగుతుంది, అమ్మబోతే రేటు పడిపోతుంది అన్నాడు. వద్దులే అన్నాను.