ఫైరింజన్ రాని మంటలు

నా చదువు గదిలో, పుస్తకాల అరల్లో, ఇరవై మూడు బొమ్మ ఫైరింజన్లు ఉన్నాయి. ఇంటికొచ్చినవాళ్ళ కళ్ళు ముందు వాటిమీదే పడతాయి. “బాబు ఆడుకునేవా?” అంటారు. నాకు పిల్లల్లేరు, అవి నావేనని చెబితే ఓ క్షణం ఆగి, నవ్వి, మాట మారుస్తారు. మగవాళ్ళు స్టాంపులో, నాణేలో, బొమ్మకార్లో పోగుచేస్తే దాన్ని అభిరుచి అంటాం. ముప్ఫై ఆరేళ్ళ ఆడమనిషి, అందులోనూ సాహిత్యంలో పిహెచ్‌డి చేసినామె, బొమ్మలు కొనుక్కుంటే అది ఏదో లోటు కింద లెక్క. మగవాడి అభిరుచికి ఎవరూ కారణం అడగరు. నన్ను మాత్రం అడుగుతూనే ఉన్నారు. అడగ్గా అడగ్గా నేనూ ఆలోచించటం మొదలుపెట్టాను.

ఈ బొమ్మల చరిత్రలోనే ఒక తమాషా ఉంది. లండన్‌లో లెస్నీ అనే చిన్న కంపెనీ ఉండేది. అందులో భాగస్వామి జాక్ ఓడెల్. ఆయన కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మయితేనే తెచ్చుకోవాలని నియమం. ఆ పాప కోసం తండ్రి ఇత్తడితో బుల్లి రోడ్డు రోలరు చేసి, అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. తోటిపిల్లలంతా మాకూ కావాలన్నారు. అలా 1953లో ‘మ్యాచ్‌బాక్స్’ బొమ్మలు మొదలయ్యాయి. 1955లో ఆ వరసలో తొమ్మిదో నంబరుగా డెన్నిస్ ఫైరింజన్ వచ్చింది. అగ్గిపెట్టెలో ఫైరింజన్! ఆ తర్వాత అదే నంబరుతో వచ్చిన మెరీవెదర్ ఫైరింజన్ ఒకటి నాకు జుమ్మేరాత్ బజార్లో, తుప్పుపట్టిన తాళాల కుప్పలో దొరికింది. నిచ్చెన విరిగిపోయింది, రంగు సగం పోయింది. అయినా నా దగ్గరున్న వాటిలో నాకు బాగా ఇష్టమైంది అదే.

ఒక ఆడపిల్ల కోసం పుట్టిన బొమ్మలు మగపిల్లల బొమ్మలెలా అయ్యాయి? ఏ బొమ్మల దుకాణానికైనా వెళ్ళి చూడండి. ఒకవైపు కార్లు, లారీలు, ఫైరింజన్లు. ఇంకోవైపు గులాబీరంగు పెట్టెల్లో వంటింటి సెట్లు. ఆ సెట్లో తప్పనిసరిగా ఒక స్టవ్వు ఉంటుంది. మన చిన్నప్పటి లక్కపిడతల్లోనూ పొయ్యి ఉండేది. అంటే మంట రాజేసే బొమ్మ ఆడపిల్లకి, మంట ఆర్పే బొమ్మ మగపిల్లాడికి. ఒకరికి రోజూ చేసే చాకిరీ, ఇంకొకరికి ఎప్పుడో ఒకనాడు చేసే సాహసం. మూడేళ్ళ వయసులోనే నిప్పుని ఇలా పంచి ఇస్తాం మనం.

నిజానికి ఫైరింజన్ని ఆడవాళ్ళు లాగిన చరిత్ర ఉంది. న్యూయార్కులో మాలీ విలియమ్స్ అనే నల్లజాతి స్త్రీ బానిసగా ఉండేది. ఆమె యజమాని ఓషనస్ అనే పదకొండో నంబరు ఫైరింజన్ దళంలో సభ్యుడు. అప్పటివి మనుషులు తాళ్ళతో లాగే, చేతులతో పంపుకొట్టే ఇంజన్లు. 1818లో మంచుతుపానులో దళంలోని మగవాళ్ళు చాలామంది జబ్బుపడితే, ఆమె నూలుగౌను మీద గళ్ళ ఏప్రన్ కట్టుకుని తాడు పట్టుకుంది. అమెరికాలో తొలి మహిళా అగ్నిమాపక యోధురాలు ఆమేనంటున్నారు ఇవాళ. నాకు మాత్రం ఆ ఏప్రన్ దగ్గర ఆలోచన ఆగిపోతుంది. అప్పటిదాకా ఆ దళానికి వండిపెట్టింది కూడా ఆమేనట. మామూలు రోజుల్లో పొయ్యి దగ్గర, అవసరం పడ్డప్పుడు తాడు దగ్గర. రెండుచోట్లా ఆమె శ్రమ మీద హక్కు ఇంకొకరిదే.

మన దేశంలో ఆ తలుపు తెరుచుకోవటానికి చాలాకాలం పట్టింది. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాలలో 2002లో చేరిన హర్షిణీ కన్హేకర్ అక్కడ చదివిన మొదటి మహిళ. తమిళనాడులో ప్రియా రవిచంద్రన్, మీనాక్షీ విజయకుమార్ 2003లో అగ్నిమాపక శాఖలో అధికారులుగా చేరారు. 2012 జనవరిలో చెన్నైలో ఒక పాత ప్రభుత్వ భవనం తగలబడినప్పుడు ప్రియా రవిచంద్రన్ లోపలికి వెళ్ళి తీవ్రంగా గాయపడింది. ఆ ప్రమాదంలో ఒక ఫైర్‌మన్ చనిపోయాడు.

భాష మాత్రం ఇంకా వెనకే ఉంది. ‘అగ్నిమాపక’ అన్న మాటలో ఆడా మగా లేరు. కానీ అది బోర్డు మీద మాట. నోటిమాట ‘ఫైర్‌మన్’. లండన్ అగ్నిమాపక దళానికి మొదటి మహిళా కమిషనర్ అయిన డానీ కాటన్ 2017లో ఈ మాట మీదే ప్రచారం నడిపింది. 1987 నుంచి పిల్లలు చూస్తున్న ‘ఫైర్‌మన్ శామ్’ బొమ్మల సీరియల్ పేరు మార్చాలంది. ఒక బొమ్మ గురించి ఇంత రభసా అని చాలామంది వెక్కిరించారు. ఆడవాళ్ళు మాట గురించి అడిగినప్పుడల్లా వచ్చే వెక్కిరింపే అది. మనకి కొత్తేమీ కాదు.

* * *

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే ఇది అవకాశాల గురించిన వ్యాసం అవుతుంది. ఫైరింజన్ సీట్లో ఆడవాళ్ళు కూర్చోవాలి, అంతే. కానీ నన్ను వేధించే ప్రశ్న అది కాదు. ఫైరింజన్ ఎవరి మంటల కోసం వస్తుంది?

మాది అప్పటి గుంటూరు జిల్లాలో పత్తి, మిరప పండే ఊరు. ఎండాకాలంలో పూరిళ్ళు, గడ్డివాములు తగలబడుతుండేవి. ఫోనున్న ఇల్లు వెతుక్కుని 101 తిప్పాలి. బండి టౌన్నుంచి రావాలి. అది వచ్చేలోపు బావి నుంచి మంటదాకా వరసగా నిలబడి బిందెలు అందించింది ఆడవాళ్ళే. మామూలుగా వాటర్ టెండరులో 4,500 లీటర్ల నీళ్ళుంటాయి. బండి ఇంజన్‌తోనే పంపు నడుస్తుంది. గట్టిగా కొడితే ఆ నీళ్ళు కొద్ది నిమిషాలకే అయిపోతాయి. మళ్ళీ చెరువులోకో బావిలోకో గొట్టం దించి తోడుకోవాలి. ఆ సందులో మళ్ళీ బిందెలే. మర్నాడు పేపర్లో మాత్రం బిందెలుండవు. నా బొమ్మల్లో కూడా నిచ్చెన ఉంది, గంట ఉంది, నీళ్ళతొట్టి ఒక్కదాంట్లోనూ లేదు.

ఇది ఆ సిబ్బంది త్యాగాన్ని తక్కువచేయటం కాదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికిన్’ ఓడ పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఆ రోజుని వారి సంస్మరణ దినంగా జరుపుకుంటున్నాం. జరుపుకోవాల్సిందే. నేననేది, బయటి మంటకి ఒక తేదీ, ఒక స్తూపం, ఒక గంట ఉన్నాయని.

1997లో మా పిన్ని కాలిపోయింది. పెళ్ళయి ఆరేళ్ళు. టౌన్లో కాపురం. ఫైర్‌స్టేషను వాళ్ళింటికి నడిచి వెళ్తే పది నిమిషాల దూరం. ఫైరింజన్ రాలేదు. రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. నాలుగోరోజున పోయింది. ఇద్దరు చిన్నపిల్లలున్నారు. మేజిస్ట్రేటు ముందు ప్రమాదమేనని చెప్పింది. పంపుస్టవ్వు పేలిందని అందరూ అన్నారు. వరకట్న మరణాల సెక్షను 304బి 1986లోనే వచ్చింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ మరణానికి కారణాలు చెబుతూ ఆ సెక్షను మొట్టమొదట అన్నది కాలిన గాయాలనే. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షను. మా పిన్ని విషయంలో అంతదూరం ఎవరూ వెళ్ళలేదు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తర్వాత చాలా ఏళ్ళకి, నేను మంటలార్పే బండ్లు కొంటున్నానని మా అమ్మ గమనించింది. ఒకరోజు అరలు తుడుస్తూ తనే అంది: “ఆరోజు ఫైరింజన్ని పిలవలేదే వాళ్ళు. పిలిస్తే గంట కొట్టుకుంటూ వస్తుంది. వీధంతా చేరుతుంది. ఎలా అంటుకుందని అడుగుతారు.” కాసేపాగి ఇంకోమాట అంది: “పేలిందన్న స్టవ్వు మీదే పదోరోజు భోజనాలకి పప్పు ఉడికింది. నేను చూశాను.”

ఆమె ఆ మాట అన్నాక నా సిద్ధాంత వ్యాసం మళ్ళీ తీసి చదివాను. స్త్రీల కథల్లో వంటిల్లు నా పరిశోధనాంశం. వంటింటి చాకిరీ గురించి, విసుగు గురించి, వంటిల్లు జైలు కావటం గురించి పేజీలకి పేజీలు రాశాను. వంటింట్లో మనుషులు చచ్చిపోవటం గురించిన అధ్యాయం సన్నది. నా దగ్గరున్న కథల్లో ఆ మరణాల్ని నేరుగా చూసినవి తక్కువ. చాలావాటిల్లో అది వార్తగా, వదంతిగా, పొరుగింటామె గొంతు తగ్గించి చెప్పే మాటగా వస్తుంది.

లెక్కలు మాత్రం గొంతు తగ్గించవు. 2001లో మన దేశంలో మంటల వల్ల 1,63,000 మందికి పైగా చనిపోయారని 2009లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు 1,06,000 మంది స్త్రీలు. వాళ్ళలో ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ళ మధ్యవాళ్ళు. మొత్తం అంచనా పోలీసు లెక్కలకి ఆరు రెట్లు. వీరందరినీ ఎవరో చంపారని నేననటం లేదు. కిరసనాయిలు స్టవ్వులు నిజంగా పేలాయి, కట్టెలపొయ్యి దగ్గర చీరకొంగులు నిజంగా అంటుకున్నాయి. కొందరు తమని తామే కాల్చుకున్నారు. కానీ ప్రమాదమైనా, హత్యయినా, ఆత్మహత్యయినా మంట ఒకే గదిలో, ఒకే వయసువాళ్ళని వెతుక్కుంటూ వస్తుంటే దానికి విధి అని పేరుపెట్టి ఊరుకోలేం. గోదాము తగలబడితే నష్టం ఎన్ని లక్షలో మర్నాటికే తేలుతుంది. ఈ స్త్రీల లెక్క తేలటానికి పరిశోధకులు ఆసుపత్రి రికార్డులు, మరణాల నమోదు, సర్వేలు అన్నీ కలిపి తవ్వాల్సి వచ్చింది.

మన భాష కూడా ఇందులో సాయంపట్టింది. ‘స్టవ్వు పేలింది’, ‘చీర అంటుకుంది’, ‘ఒళ్ళు కాలింది’ అంటాం. మూడు వాక్యాల్లోనూ కర్త వస్తువో, ఆమె శరీరమో. మనిషి ఎక్కడా లేడు. ‘అంటించారు’ అన్న క్రియ తెలుగులో ఉంది, వాడుకలో ఉంది. ఆ గదిలోకి మాత్రం రానివ్వలేదు.

ఇప్పుడు చాలా ఇళ్ళలో గ్యాసుంది. పంపుస్టవ్వుల కాలం దాదాపు పోయింది. అందువల్ల పాత మంటలన్నీ ఆరిపోయిన విషయాలుగా కనిపిస్తాయి. ప్రతి కుటుంబంలోనూ, కాస్త తవ్వితే, స్టవ్వు పేలి పోయిన ఒక పిన్నో, మేనత్తో, వదినో బయటపడతారు. వారి గురించి చెప్పగలిగిన మా అమ్మలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. ఎక్కువకాలం ఉండరు. ఈ పత్రిక చదివేవాళ్ళలో కథలు రాసేవాళ్ళున్నారు, పరిశోధనలు చేసేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని అడుగుదాం. ఆ రోజు ఏం జరిగింది, ఎవరిని పిలిచారు, ఎవరిని పిలవలేదు, ఆ తర్వాత ఆ స్టవ్వు ఏమైంది?