రెండు నిమిషాల గడువు

అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీచేసేవాళ్ళు టీవీలో వాదించుకోవడం మొదలుపెట్టేసరికి మా ఇంట్లో పాలు పొంగే వేళవుతుంది. అక్కడ రాత్రి తొమ్మిదయితే ఇక్కడ తెల్లారి ఆరున్నర. ఓట్లున్నవాళ్ళు అక్కడ భోజనాలు ముగించి తీరిగ్గా సోఫాల్లో కూర్చుని చూస్తారు. ఓట్లు లేనివాళ్ళం మేం ఇక్కడ సూర్యాపేటలో పొయ్యి మంట తగ్గించి, గరిటె చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి చూస్తాం. నవ్వకండి. పిల్లలు అక్కడ లేని ఇల్లు మా వీధిలో వెతకాలి. మావాడూ డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్నాడు.

విచిత్రం ఏమిటంటే, వాడు చూడడు. "ఆ టైముకి బాబుకి స్నానం చేయించి పడుకోబెట్టాలమ్మా. నువ్వు చూసి చెప్పు, మా గ్రీన్ కార్డుల సంగతి ఏమన్నా అంటారేమో" అంటాడు. డాలస్‌లో ఉన్నవాడికి అమెరికా వార్తలు సూర్యాపేట నుంచి వెళ్ళాలి! ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరట. అంటే వంద విస్తళ్ళు వేస్తే మనవాళ్ళకు ఏడు. తలుపు బయట నిలబడ్డ మనవాళ్ళు ఎంతమందన్న లెక్క వడ్డించేవాళ్ళకు పట్టదు.

సరే, 2024లో అలాంటి వాదాలు మూడు చూశాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి కోదాడలో అక్క దగ్గర, మూడోది మిర్యాలగూడలో మా ఆడబిడ్డ ఇంట్లో. ఇప్పుడు మీకు చెప్పాలనుకున్నది మాత్రం మా అత్తమ్మను గురించి.

మొదటిది జూన్ 28 పొద్దున. అట్లాంటాలో సీఎన్ఎన్ వాళ్ళ స్టూడియో. ఎదురుగా జనం లేరు, చప్పట్లు లేవు. జవాబుకి రెండు నిమిషాలు గడువు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు ఆపేస్తారు. ఈ ఏర్పాటేదో మన ఇళ్ళకు రావాలి గాని అమెరికాకెందుకు అనిపించింది నాకు. మా ఇంట్లో నలుగురం ఒకేసారి మాట్లాడతాం, ఐదోవాళ్ళు వింటున్నారనుకుని.

అత్తమ్మ మూల కుర్చీలో కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అందుకే మా అందరికంటే బాగా చూస్తుంది. ట్రంప్‌కి అప్పుడు 78 ఏళ్ళు, బైడెన్‌కి 81. అత్తమ్మకూ 81.

కాసేపటికే బైడెన్ గారికి మాట తడబడింది. ఏదో లెక్క చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. కళ్ళు కిందికి దించి వెతుక్కున్నాడు. చివరికి ముసలివాళ్ళ వైద్యానికి పెట్టిన మెడికేర్ పథకాన్నే ఓడించామన్నాడు. గడువు అయిపోయింది. మావారు ఫక్కున నవ్వారు. పక్కింటావిడ నవ్వింది. నేనూ నవ్వాను, దాచడమెందుకు?

"నవ్వుడెందుకే?" అంది అత్తమ్మ. "మాట ఆయన నోట్లనే ఉంది. బయటికి వస్తలేదు, గంతే."

గది చప్పబడింది. తొంభై నిమిషాలూ పూర్తయ్యాక ఆయన భార్య జిల్ వేదిక మీదికి వచ్చి, మెట్టు దగ్గర చెయ్యి పట్టుకుని దించింది. "గది చూడుండ్రి" అంది అత్తమ్మ, అప్పటిదాకా జరిగిందంతా ఎవరికో జరిగినట్టు.

మీకొక సంగతి చెప్పాలి. మాకు బజారులో రెండు మడిగెలున్నాయి. వాటి కిరాయి పుస్తకం, బీరువా తాళాలు అత్తమ్మవే. మామయ్య పోయిన నాటినుంచి ఆమె రాసుకుంటుంది, ఆమె వసూలు చేస్తుంది. ఆ మే నెలలో కిరాయి ఇచ్చి వెళ్ళినవాణ్ణే మళ్ళీ పిలిపించి అడిగింది. వాడు మర్యాదస్థుడు, మళ్ళీ ఇచ్చి, సాయంత్రం మావారికి చెప్పాడు. ఇక పుస్తకం తీసుకోవాలని మావారూ ఆయన అక్కగారూ ఫోన్లో అనుకున్నారు. ఎలా చెప్పాలో తెలియక నెలరోజులుగా వాయిదా వేస్తున్నారు. ఇవేవీ అత్తమ్మకు తెలియవనుకున్నాం.

నా తప్పు వేరే ఉంది. అత్తమ్మ "ఆ... అదే... మన..." అని ఆగితే చాలు, "పాలబ్బాయా? గ్యాసా? డాక్టరా?" అని నేను వరసగా అందిస్తాను. సాయం చేస్తున్నాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అట్లాంటాలో మైకులు ఆపేశారు గనక ట్రంప్ కూడా ఆయనకు మాట అందించలేకపోయాడు. మా ఇంట్లో నా మైకు ఆపేవాళ్ళేరీ?

జూలై 21న బైడెన్ పోటీనుంచి తప్పుకున్నాడు. మాకు తెలిసేసరికి సోమవారం పొద్దున. కాఫీ ఇస్తూ అత్తమ్మకు చెప్పాను.

"ఆయనంతట ఆయనే దిగిండా, దించిండ్రా?" అని అడిగింది.

జవాబుకి నాకు రెండు నిమిషాలు చాలలేదు. లోపలికి వెళ్ళి ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను.

మావారికి ఏది చూసినా పుట్టుపూర్వోత్తరాలు చెప్పే అలవాటు. ఆ పూట అత్తమ్మను మరిపించాలని కాబోలు, కెన్నెడీ కథ ఎత్తుకున్నారు. 1960 సెప్టెంబరు 26న చికాగోలో కెన్నెడీ, నిక్సన్ టీవీలో వాదించుకున్నారు. నిక్సన్ మోకాలి జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చాడు, చిక్కిపోయాడు, సరైన మేకప్ వేయించుకోనన్నాడు. రేడియోలో విన్నవాళ్ళకు నిక్సన్ గెలిచినట్టు, టీవీలో చూసినవాళ్ళకు కెన్నెడీ గెలిచినట్టు తోచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత పదహారేళ్ళు, 1976 దాకా, ఎవరూ ఆ జోలికి పోలేదట. మన పెళ్ళిచూపులే నయం, పిల్లకి జ్వరమంటే వచ్చే వారానికి మారుస్తారు.

అత్తమ్మ అంతా విని, "అడిగేది పేపరోళ్ళేనా? జనం అడగరా?" అంది. "మా దిక్కు జనమే అడిగిండ్రు."

ఆమె పుట్టిల్లు మునుగోడు దిక్కు. ఫ్లోరైడు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయిన పిల్లలు, నడుములు వంగిపోయిన నడివయసువాళ్ళు ఉన్న ఊళ్ళవి. మా నీళ్ళ సంగతేమిటని ఎంత అడిగినా జవాబు రాక, 1996లో నల్గొండ పార్లమెంటు స్థానానికి జనమే నామినేషన్లు వేశారు. ఆఖరికి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. గెలిచింది మా సూర్యాపేట మనిషి, కమ్యూనిస్టు ధర్మభిక్షం గారు. ఓడిపోయిన వందలమందీ గెలుద్దామని నిలబడ్డవాళ్ళు కారు, వినిపిద్దామని నిలబడ్డవాళ్ళు. ఢిల్లీ దాకా వినపడింది కూడా. "మా తమ్ముడు ఓటేసి వచ్చి, గుర్తు వెతికేటాల్లకు తెల్లారుతదనుకున్న అక్కా అన్నడు" అని అత్తమ్మ నవ్వింది. ఇది చెబుతున్నప్పుడు ఎక్కడా ఒక్క మాటకీ తడుముకోలేదు.

రెండో వాదం సెప్టెంబరు 11 పొద్దున. అప్పుడు నేను కోదాడలో ఉన్నాను. ఆగస్టు 31 రాత్రి పట్టిన వాన తెల్లారేసరికి కోదాడ వీధుల్ని వాగులు చేసింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అక్కావాళ్ళ కింది వాటాలో నడుంలోతు నీళ్ళు. పదిరోజులయినా గోడల మీద బురద గీత అలాగే ఉంది. పరుపులు డాబా మీద, పట్టుచీరలు తాళ్ళ మీద. టీవీ నీళ్ళపాలు. ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, చీపుళ్ళు పక్కన పెట్టి చూశాం.

ఫిలడెల్ఫియాలో కమలా హారిస్ తనే ఎదురెళ్ళి ట్రంప్‌కి చెయ్యిచ్చింది. అక్కకి అది నచ్చింది. ట్రంప్ మాట్లాడుతున్నంతసేపూ కమల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తుంటే, "మా అత్తగారు చెప్తుంటే నేను పెట్టే మొహం అచ్చం ఇదే" అంది. ఆమె తల్లి తమిళ పిల్ల అన్నాను. "అట్లనా! మరి సాంబారు వచ్చేమో" అంది అక్క. మా రాజకీయ పరిజ్ఞానం ఇలా ఉంటుంది.

అంతలో ట్రంప్, ఒహాయోలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, బయటినుంచి వచ్చి చేరినవాళ్ళు అక్కడివాళ్ళ కుక్కల్నీ పిల్లుల్నీ తింటున్నారన్నాడు. ప్రశ్నలడిగే డేవిడ్ మ్యూర్, ఆ ఊరి అధికారిని మేం అడిగాం, అలాంటి నమ్మదగిన సమాచారం ఏదీ లేదన్నాడు అని చెప్పాడు.

అక్క ముఖంలో నవ్వు పోయింది. వానరాత్రి వాళ్ళ వీధిలో ఎవరో, వెనక చెరువు కట్ట తెగిందని అరిచారట. చీకట్లో అందరూ మెట్లమీదికి పరుగు. ఎదురింటి పెద్దావిడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నీళ్ళు తగ్గాక చూస్తే కట్ట ఉన్నచోటే ఉంది. "గా రాత్రి ఎవరన్నా ఒక్కరు, ఎవరు చూసిండ్రు, ఎవర్ని అడిగిండ్రు అన్నా అయిపోవు" అంది. "నేను గూడ అడగలె. నేను గూడ అరిచిన."

ఫోన్ ఆపి బురద గీత తోమడానికి లేచింది. మిగతాది నేనొక్కదాన్నే చెవులు రిక్కించి విన్నాను. సరిహద్దు గురించి, దొంగతనంగా వచ్చినవాళ్ళ గురించి బోలెడు అన్నారు. వరసలో నిలబడి ఎదురుచూసేవాళ్ళ మాట నా చెవిన పడలేదు. అదే మావాడికి చెప్పాను. "పోనీలే అమ్మా" అన్నాడు. తర్వాత 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలన్నారు. దానికి మాత్రం ఏ టీవీ వాదమూ అవసరం లేకపోయింది.

మూడోది ఉపాధ్యక్షులది, అక్టోబరు 2 పొద్దున. మాకది పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. పండక్కి ఆడబిడ్డ పుట్టింటికి రావాలి గాని, వదినెకు మోకాలి ఆపరేషన్ అయిందని మేమే అత్తమ్మను తీసుకుని మిర్యాలగూడ వెళ్ళాం. పుస్తకం సంగతి అక్కడే తేల్చుకుందామని అక్కాతమ్ముళ్ళ ఆలోచన. దారిపొడుగునా రైసు మిల్లుల దగ్గర వడ్లు ఉడికిన వాసన. మావారు ఒక్కమాట మాట్లాడలేదు.

ముందురోజు కోసుకొచ్చిన తంగేడు, గునుగు, బంతి హాలంతా పరిచి ఉన్నాయి. టీవీలో వాన్స్, వాల్జ్. వదినె ఇరుగుపొరుగంతా చేరింది. వాళ్ళ ధ్యాసంతా వాన్స్ భార్య ఉష మీద. ఆమె చిలుకూరి వారి అమ్మాయి అనగానే, "మన కోదాడ పక్క చిలుకూరే కావచ్చు" అంది ఒకావిడ. ఇంకొకావిడ అక్కడ తనకు తెలిసిన ఇంటికి వాళ్ళని చుట్టాలనే చేసింది. వాళ్ళది తణుకు దగ్గర వడ్లూరు అని నేను చెబితే, ఉన్న చుట్టరికం చెడగొట్టినట్టు చూశారు. వాన్స్ 2025 జనవరిలో ఉపాధ్యక్షుడయ్యాక ఆవిడే ఫోన్ చేసి, "మన చిలుకూరు అల్లుడే గద" అంది. నేనిక సరిచేయలేదు.

ఆ ఇద్దరూ పెద్దగా తిట్టుకోలేదు. "ఇంత మర్యాదైతే ఇంకేం చూసుడు" అని వదినె టీవీ ఆపింది. పొరుగువాళ్ళు వెళ్ళారు. మావారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, నీకు శ్రమ అవుతుందని..."

అత్తమ్మ గునుగు కట్ట కింద పెట్టి చెయ్యెత్తింది. "ఆగు. గా టీవీల లెక్క నా వంతు అయ్యేదాంక నువ్వు మాట్లాడకు."

మాట్లాడలేదు. ఆమె కూడా వెంటనే మాట్లాడలేదు. "ఆ... అదే..." అంది. మాట నా నాలిక చివరికి వచ్చింది. పళ్ళు బిగబట్టాను. గోడ గడియారం చప్పుడు వినిపించింది.

"రశీదు," అంది చివరికి. "రశీదు రాసుడు మరిచిన. అందుకే మల్ల అడిగిన. వాడు మంచోడు, నా పరువు తీయలే. తెల్లారి పుస్తకం జూస్తే నాకే తెలిసింది. వాని పైసలు వానికి వచ్చే నెల ఇచ్చేసిన. మీరు ఫోన్లల్ల మాట్లాడుకునేది గూడ నాకు ఎరుకే." సంచిలోంచి కిరాయి పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇగ నువ్వు రాయి. తాళాలు నా తాన్నే ఉంటయి. అవి నేను అడిగినప్పుడు తీసుకోండ్రి."

వదినె కళ్ళొత్తుకుంది. మావారు పూలల్లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నారు. పుస్తకం తెరిచి చూశాను. జూన్ పేజీలో వాడికి తిరిగిచ్చిన పైసలు ఎర్రసిరాతో రాసి ఉన్నాయి.

సాయంత్రం గుడి ముందు బతుకమ్మ. వదినె కుర్చీలో కూర్చుని చప్పట్లు కొడుతోంది. పాట అత్తమ్మే ఎత్తుకుంది. మూడో చరణం దగ్గర ఆగింది. వలయమంతా ఆగింది. నేను నోరు తెరవబోతే వదినె కూర్చున్నచోటినుంచే నా కొంగు లాగింది. అత్తమ్మ కాసేపు తంగేడు పూలవంక చూసి, మూడోది వదిలేసి మళ్ళీ మొదటి చరణమే ఎత్తుకుంది. మేమూ మొదటినుంచే అందుకున్నాం.