మందసలో నారింజ కోవా

"రసం జోలికెల్లకు తల్లీ. వాసనంతా తొక్కలోనే ఉంది" అన్నారు మావయ్య. పళ్లెంలో పరిచిన పంచదార మీద నారింజని అరచేత్తో దొర్లిస్తున్నారు. గట్టిగా అదమకుండా, అలాగని తేలిగ్గా వదిలెయ్యకుండా. దొర్లించిన చోటల్లా పంచదార తడిసి పసుపురంగుకి తిరుగుతోంది. గది గదంతా నారింజ వాసన.

పండగ సంచిక కోసం, నారింజో నిమ్మో పరిమళించే మెత్తని పాలమిఠాయి ఇంట్లో చేసుకొనే పద్ధతి రాసివ్వమని సంపాదకుడు అడిగారు. ఆయన వాడిన మాట ఫడ్జ్. దానికి దొరికిన పద్ధతులన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి: డబ్బా పాలు, తెల్ల చాక్లెట్టు, నాలుగు చుక్కల ఎసెన్సు, చిటికెడు రంగు, రాత్రంతా ఫ్రిజ్జు. చదివినకొద్దీ విసుగొచ్చింది. వాటిల్లో పాలు కాచే పనే లేదు. పాలు కాచడం తెలిసిన ఊరు మా జిల్లాలోనే ఉండగా డబ్బా మూత తీయడం గురించి రాయాలనిపించలేదు. కోవా అంటే శ్రీకాకుళం వాళ్ల నోట మొదట వచ్చే పేర్లలో మందస ఒకటి. అక్కడ నా స్నేహితురాలి మేనమామ ఉన్నారు. వయసంతా కోవా పొయ్యిల దగ్గరే గడిపి, ఇప్పుడు ఎవరైనా అడిగితే తన పెరట్లోనే చేసిస్తున్నారు. స్నేహితురాలి వరసే నాకూ. ఆయన మావయ్య, ఆయన భార్య అత్త.

మందస రోడ్డు స్టేషన్లో దిగి ఊళ్లోకి వెళ్తుంటే మహేంద్రగిరి కొండలు దారంతా కనిపిస్తూనే ఉంటాయి. కోట చూడమని, వాసుదేవ పెరుమాళ్ గుడికి వెళ్లమని బయల్దేరే ముందే చాలామంది చెప్పారు. నేను మాత్రం పెరట్లో పొయ్యి పక్కన పీట వేసుకు కూర్చున్నదాన్ని కోవా దిగేదాకా లేవలేదు.

ఆయన చేతులు చూడాల్సినవి. కుడి మణికట్టు దగ్గర చర్మం నున్నగా, కాస్త నల్లగా ఉంది. మరిగే కోవా చింది చింది అలా అయిందట. తెడ్డు పట్టుకొనేటప్పుడు బొటనవేలు పైన ఉంచరు, పక్కకి ఆనిస్తారు. అలా అయితే తిప్పే బరువు భుజం మీద పడుతుంది గానీ మణికట్టు మీద పడదట. తెడ్డు మూకుడు అడుగున ఒక చుట్టు తిరుగుతుంది, ఆ వెంటనే అంచు పొడవునా గీసుకుంటూ పైకి వస్తుంది. ఆ గీయడం ఒక్కసారి కూడా తప్పలేదు.

"అడుగు అందరూ సూస్తారమ్మా. అంచు సూడాల. అంచున మీగడ ఎండిపోయి మాడిందనుకో, అది లోపలికి జారి మొత్తం చేదొచ్చెస్తాది."

రెండు లీటర్ల గేదె పాలు. పొద్దున పితికినవి. గేదె పాలలో నూటికి ఎనభై వంతులకు పైగా నీరే. ఆ నీటిని మంట మీద పోగొట్టి, మిగిలిన వెన్నని, మాంసకృత్తుల్ని, పాలచక్కెరని ఒక ముద్దగా దగ్గరకి తీసుకురావడమే కోవా. చెప్పడానికి ఒక్క వాక్యం, చెయ్యడానికి గంటకు పైన. లీటరు పాలకి పావుకిలో దిగితే గొప్ప, చాలాసార్లు అంతకన్నా తక్కువే. ఆవుపాలతో చేస్తే పసుపురంగుగా, కాస్త జిగురుగా వస్తుంది. మెత్తదనానికి గేదె పాలే కావాలంటారాయన.

సరుగుడు కట్టెలు మొదట మూడు పెట్టారు. పాలు సగానికి వచ్చాక ఒకటి బయటకి లాగేశారు. గిన్నె లోపలికి చూడకుండానే లాగారు. ఎలా తెలిసిందని అడిగాను. వినమన్నారు. పల్చటి పాలు మరిగేటప్పుడు చప్పుడు ఎడతెరిపి లేకుండా వస్తుంది. చిక్కబడ్డాక బుడగ బుడగకీ మధ్య ఖాళీ వస్తుంది, ఒక్కో బుడగా టప్పుమని విడిగా పేలుతుంది. ఆ ఖాళీ వినపడగానే మంట తగ్గించాలి. ఏ పుస్తకంలోనూ నేను చదవని సంగతి ఇది. గృహవిజ్ఞాన కళాశాలలున్నాయి, పాల సాంకేతిక విద్య చెప్పే విశ్వవిద్యాలయాలున్నాయి. చెవితో కోవా దించే మనిషి దగ్గర కూర్చుని నాలుగు కాగితాలు రాసుకోవడం వాటికి కష్టమైన పని కాదు. ఆయన కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఇంట్లో తెడ్డు అందుకొనేవాళ్లు లేరు.

అత్త పెరటి గుమ్మం దగ్గర పక్కింటావిడతో మాట్లాడుతున్న మాటలు నా చెవిన పడ్డాయి.

"ఓలమ్మా, పాలు మన సాలలోనే పుడతన్నాయి గానీ మన పొయ్యెక్కుతన్నాయేటి? తెల్లారకముందే బండొచ్చి పట్టుకుపోతాది. మనవలొచ్చినా గ్లాసుడు టీ పాలకి లెక్క సూసుకోవాల."

ఈ రెండు లీటర్లు కూడా నేను వస్తున్నానని ముందురోజే చెప్పి ఆపించినవి. ఆ మాట విన్నాక చాలాసేపు నా మనసు పొయ్యి మీద లేదు. పాలసేకరణ కేంద్రాలు పల్లెకి మేలు చేశాయి, అందులో నాకు సందేహం లేదు. వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం కొలిచి డబ్బు కడతారు. ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు, దాణా, మందులు గడుస్తున్నాయి. కానీ గేదెలు కట్టుకొనే ఇల్లాలు తన మనవలకి ఏడాదికోసారైనా కోవా కాచి పెట్టలేని రోజులొచ్చాయంటే, ఆ పిల్లలకి కోవా రుచి ఎక్కడ తెలుస్తుంది? దుకాణంలో పాలపొడి, వనస్పతి కలిపి ముద్ద చేసినదాన్ని కోవా అని తింటారు. పెద్దయ్యాక దాన్నే చిన్ననాటి రుచి అనుకుంటారు. నా బాధ అక్కడ.

చెట్ల సంగతీ అంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మందస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి రాష్ట్రమంతా చూసింది. ఈ పెరట్లో ఉన్న నారింజ చెట్టు, దాని పక్కన దబ్బ చెట్టు కూడా ఆ రాత్రే పోయాయి. "కొబ్బరి సెట్లు రాసుకున్నారు. నారింజ సెట్టు ఎవుళు రాస్తారు?" అంది అత్త, తుపాను నష్టం లెక్కల గురించి. దబ్బాకు వేసిన మజ్జిగ, దబ్బకాయ పులిహోర, ఊరగాయ అన్నీ ఆ ఒక్క చెట్టు మీద నడిచేవి. నా కోసం తెచ్చిన నారింజలు పక్కింటి పెరటివి. పట్నంలో అంగడి పండ్లకి మెరుపు కోసం మైనం పూత పూస్తారు. తొక్క వాడాలంటే వాటిని గోరువెచ్చని నీళ్లలో వేసి, కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి.

ఇప్పుడు ఆ తొక్క గురించి. నారింజ, నిమ్మ, దబ్బ, కమలా, అన్నిటికీ వాసననిచ్చే నూనె పైతొక్కలోని చిన్న చిన్న తిత్తుల్లో ఉంటుంది. అందులో ఎక్కువ భాగం లిమొనీన్. లోపలి రసంలో ఉన్నది పులుపు, అంటే సిట్రిక్ ఆమ్లం. పల్చటి పాలలో రసం పోస్తే ఆమ్లానికి పాలలోని కేసీన్ విడిపోయి గడ్డకడుతుంది, పాలు విరుగుతాయి. కలాకండ్ చేసేవాళ్లు కావాలనే చిటికెడు పులుపు వేస్తారు, వాళ్లకి పలుకు కావాలి కాబట్టి. మనకి కావలసింది పలుకు లేని మెత్తదనం. అందుకే రసం వద్దు. రంగుతొక్క కింద తెల్లటి పొర కూడా వద్దు. చేదంతా అందులో ఉంది. దబ్బకి ఆ పొర మరీ మందం, కాబట్టి తురిమేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉండాలి.

పంచదార పలుకులు తొక్కని గీరి తిత్తుల్ని పగలగొడతాయి, ఊరిన నూనెని తామే పీల్చుకుంటాయి. మావయ్య పండుని దొర్లించాక, మిగిలిన పైతొక్కని సన్నగా తురిమి, అదే పంచదారలో వేసి వేళ్లతో నలిపారు. తర్వాత పళ్లెం మీద మూత పెట్టేశారు. మరిగే దాంట్లో ఆ పంచదార వేస్తే ఆవిరితోపాటు వాసనంతా ఎగిరిపోతుంది. పెరడంతా ఘుమఘుమలాడుతుంది, కోవాలో ఏమీ మిగలదు. అందుకని మామూలు పంచదార మంట మీద ఉండగానే పడాలి, నారింజ పంచదార దించాకనే పడాలి.

రెండు లీటర్ల పాలకి మొత్తం నూట యాభై గ్రాముల పంచదార. అందులో మూడు చెంచాలు నారింజకి కేటాయించి, మిగతాది పాలు ముద్ద కట్టబోయే ముందు మూకుట్లో వేశారు. పంచదార పడగానే కోవా పల్చబడింది. చెడిపోయిందేమోనని కంగారుపడేది ఇక్కడే. ఫరవాలేదు, పంచదార కరిగి పాకమైంది, అంతే. మళ్లీ దగ్గరపడి, తెడ్డుకి అంటుకోకుండా మూకుడుని వదిలి వచ్చేటప్పుడు దించారు. చెంచాడు నెయ్యి వేశారు. వేలు పెట్టి చూసి, "కాల్తంది గానీ ఓర్సుకోగలం, ఇప్పుడెయ్యాల" అని నారింజ పంచదార చల్లి కలపడం మొదలుపెట్టారు. ఇక్కడ చెయ్యి ఆగకూడదు. చల్లారుతున్న పాకంలో పంచదార పలుకులు కడుతుంది. కలుపుతూ ఉంటే పలుకులు నాలుకకి తగలనంత సన్నగా కడతాయి. వదిలేస్తే పెద్దవై గరగరలాడతాయి. పైన మెరుపు పోయి, కోవా మసకబారిన క్షణాన నెయ్యి రాసిన పళ్లెంలోకి తీసి అరచేత్తో సర్దారు. ముక్కలు ఒక గంట తర్వాత కోశారు.

ఫడ్జ్ కిటుకు కూడా ఇదే. అమెరికాలో, అప్పట్లో ఆడపిల్లలకే ఉన్న వాసర్ కళాశాలలో ఎమిలిన్ హార్ట్‌రిడ్జ్ అనే విద్యార్థిని 1888లో అక్కడి వేలం కోసం ముప్పై పౌండ్ల ఫడ్జ్ చేసింది. ఆ సంగతి ఆమే తర్వాత ఒక లేఖలో రాసింది. పంచదార, పాలు, వెన్న కలిపి సుమారు 115 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, కదపకుండా చల్లార్చి, అప్పుడు మెరుపు పోయేదాకా కలుపుతారు. మావయ్యకి ఈ కథ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "సల్లారేక కలపడం ఆ పిల్లకీ తెలుసన్నమాట" అన్నారు. పనివాడు ఎంత దూరాన ఉన్న పనివాణ్ణయినా అంతే గౌరవంతో గుర్తుపడతాడు.

మన దేశంలోనూ నాగపూర్ వాళ్లు సంత్రా బర్ఫీ చేస్తారు. కోల్‌కతాలో చలికాలం వస్తే కమలా సందేశ్ వస్తుంది. తమ పండునీ తమ పాలనీ కలిపి వాళ్లు పేరు తెచ్చుకున్నారు. మనకి ఉద్దానం పెరళ్లలో దబ్బ, నారింజ, పక్కనే పలాస జీడిపప్పు, మందసలో ఇలాంటి చేతులు ఉన్నాయి. లేనిదల్లా అడిగేవాళ్లు. అడిగినా ధర వినగానే వెనక్కి తగ్గుతారు. "బజార్లో ఇంతకే ఇస్తన్నారు కదా అంటారమ్మా. ఆళ్లకేటి సెప్పను? నాది పాలు అని సెప్తాను" అన్నారు మావయ్య. ఆయన మొహంలో ఉన్నది కోపం కాదు, అలసట.

నేను తిన్న ముక్క గురించి చెప్పాలి. ముందు పాల రుచి వచ్చింది, కాచిన పాలకే ఉండే లేత కమ్మదనం. అది కరుగుతుండగా వెనకనుంచి నారింజ వచ్చింది. పులుపు లేదు, ఘాటు లేదు, తొక్క గిల్లినప్పుడు వచ్చే తాజా వాసన మాత్రమే. ఎసెన్సు వేసిన మిఠాయిలో వాసన మొదట ముక్కుకి కొడుతుంది, తర్వాత నోట్లో ఏమీ ఉండదు. ఇందులో ఆఖర్న ఉంటుంది, చాలాసేపు ఉంటుంది.

ఇంట్లో చేసుకొనేవాళ్లకి ఇబ్బంది ఏమీ లేదు. అడుగు మందమున్న మూకుడు, చిక్కటి గేదె పాలు, రెండు నారింజలు, గంటన్నర సమయం చాలు. దబ్బకాయ దొరికితే ఇంకా మంచిది. రెండు మూడు రోజుల్లో తినెయ్యండి, నిలవకి చేసేది కాదిది. కొనుక్కొనేవాళ్లు మాత్రం ఒక పని చెయ్యండి. తీసుకున్న కోవాలో కొంచెం నీళ్లలో ఉడికించి, చల్లార్చి, రెండు చుక్కల అయొడిన్ వెయ్యండి. నీలం రంగుకి తిరిగితే పిండి కలిసిందని అర్థం. ధర లెక్క చూసి పోల్చుకోవడం ఇంకా తేలిక. పంచదార కలిపిన కోవా కిలో దిగాలంటే మూడు లీటర్లకు తక్కువ కాకుండా పాలు మరగాలి, ఆపైన కట్టెలు, ఆపైన ఒక మనిషి భుజం. మూడు లీటర్ల పాల ధర కన్నా తక్కువకి కిలో కోవా ఎవరైనా ఇస్తున్నారంటే, అది పాలు కాచి చేసింది కాదు.