అడిగి మార్చండి

తెల్లవారుజామున అయిదింటికి లేచి, కాఫీ గ్లాసుతో కంప్యూటర్ ముందుకొచ్చేసరికి తెరంతా నీలంగా ఉంది. మధ్యలో తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అప్‌డేట్ జరుగుతోందట, 34 శాతం అయిందట, కంప్యూటర్ ఆపవద్దట. నా ఇంట్లో, నా బల్ల మీద, నేను కట్టే కరెంటుతో నడిచే వస్తువు నన్ను కాసేపు ఆగమంటోంది. కాఫీ చల్లారిపోయింది. ఆ వేళ పుట్టిన చిరాకు ఇంకా తగ్గలేదు.

ముందురోజు రాత్రి పదకొండు దాకా మా నాన్నగారి డైరీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తూ కూర్చున్నాను. ఆయన ఏలూరు కాలవ మీద లాకుల దగ్గర పనిచేశారు. రోజూ రాసేవారు: నీటిమట్టం, దాటిన పడవలు, ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చింది, బజార్లో వంకాయలు ఎంతకిచ్చారు. పెద్ద విషయానికీ చిన్న విషయానికీ ఒకటే వరస, ఒకటే అక్షరం. సిరా వెలిసిపోయి గోధుమరంగుకి దిగింది. ఒక వాక్యం దగ్గర ఒక మాట అంతుపట్టలేదు. తడిసి అలుక్కుపోయింది. భూతద్దం పెట్టుకుని అరగంట చూశాక ఒక్కసారిగా అర్థమైంది. టైపు కొట్టేశాను. కళ్ళు మండుతుంటే ఫైలు అలాగే తెరిచి ఉంచి పడుకున్నాను.

పొద్దున్నకి ఆ పేజీన్నర లేదు. పేజీన్నరదేముంది, మళ్ళీ కొట్టుకున్నాను. ఆ మాట మాత్రం మళ్ళీ దొరకలేదు. అదే కాయితం, అదే మరక, అదే భూతద్దం. రాత్రి ఏమని చదివానో ఈ రోజుకీ గుర్తురాలేదు. ఇప్పటికీ ఆ చోట చుక్కలే ఉన్నాయి.

“సేవ్ చేసుకుని పడుకోవాల్సింది అత్తా” అన్నాడు మా మేనల్లుడు. నిజమే. కానీ నాకిది, పాలగిన్నె పొయ్యి మీద వదిలి, పొయ్యి ఆర్పే వెళ్ళినట్టు. మళ్ళీ వెలిగించినవాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరేం?

పేజీ పోవడం ఒకెత్తు, కీబోర్డు పోవడం ఒకెత్తు. నాన్నగారి డైరీ మళ్ళీ మొదలుపెడదామని ‘అమ్మ’ అని కొడితే తెర మీద ఇంగ్లిషులో డి, సి, డి, సి అని పడ్డాయి. నేను పెట్టుకున్న తెలుగు కీబోర్డు జాబితాలోంచి తప్పుకుంది. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్ళకి ఈ బాధ వెంటనే తెలుస్తుంది. మిగతావాళ్ళకి కొంచెం చెప్పాలి.

1986లో కేంద్రప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ తయారుచేయించిన కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణంలో కూడా చేరింది. ఎంత ముచ్చటైన అమరికో! గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతి కింద, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి కింద. ర, క, త, చ వరసగా కుడిచేతి నాలుగు వేళ్ళ కిందే ఉంటాయి. ఎడమ మధ్యవేలు దించితే పొల్లు. ఒత్తు కావాలంటే హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు. ‘అక్క’ అని కొడుతుంటే ఎడమ, కుడి, ఎడమ, కుడి. రెండు చేతులూ కోలాటం వేసినట్టే ఉంటుంది. తెలుగులో ‘క’ ఎక్కడుందో కన్నడంలోనూ హిందీలోనూ అక్కడే ఉంటుంది. మన అక్షరాలకి ఒక క్రమం ఉందని తెలిసినవాళ్ళు కూర్చుని చేసిన పని. తెలుగు మాటని ఇంగ్లిషు స్పెల్లింగులో కొడితే తెలుగు చేసిపెట్టే పద్ధతులు వచ్చాక దీన్ని నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయారు. నాకది దిగులు. మన మాట మన వేళ్ళలోంచి రావడానికి మధ్యలో ఇంకో భాష ఎందుకు? నాకు ఈ అమరిక పట్టుబడడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు అక్షరం ఎక్కడుందని అడిగితే నోటితో చెప్పలేను, వేలు చెబుతుంది. వేళ్ళలోకి ఎక్కిన చదువుని ఒక్క రాత్రిలో ఎవరో వచ్చి పక్కకి నెట్టేయడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

నాన్నగారి రోజుల్లో కాలవకి నీళ్ళు వదిలేముందు ఊళ్ళో దండోరా వేయించేవారు. పశువుల్ని తోలుకుపోండి, గట్టు కింద బట్టలు ఆరేసుకున్నవాళ్ళు తీసుకోండి అని. నీళ్ళు అందరికీ అవసరమే, పంటకి ప్రాణమే. అయినా చెప్పే వదిలేవారు.

నేను అడిగేదీ అంతే. అలా చెప్పరు కనక మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపించాను. ఆపడం అనుకున్నంత తేలిక కాదు. విండోస్‌లో అయితే అయిదు వారాల దాకా పాజ్ పెట్టుకోనిస్తుంది. వైఫైని మీటర్డ్ కనెక్షన్ అని గుర్తుపెడితే చాలామటుకు డౌన్‌లోడ్లు వాటంతట అవి దిగవు. యాక్టివ్ అవర్స్ అని మన పనివేళలు చెప్పుకోవచ్చు, కానీ పద్దెనిమిది గంటలకి మించి ఒప్పుకోదు, మిగతా ఆరు గంటలూ వదలాల్సిందే. సర్వీసుల జాబితాలోకి వెళ్ళి అప్‌డేట్ సర్వీసునే డిజేబుల్ చేసినా, దాన్ని మళ్ళీ లేపి నిలబెట్టడానికి ఇంకో సర్వీసు కాపలా ఉంటుంది. దాని పేరు మెడిక్.

అప్‌డేట్లే వద్దనే మనిషిని కాను. వాటి విలువ నాకు తెలుసు. 2017 మే 12న వాన్నాక్రై బయల్దేరింది. కంప్యూటర్లలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే పురుగు. ఎవరూ దేనిమీదా నొక్కకుండానే ఒక యంత్రంలోంచి ఇంకో యంత్రంలోకి పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రాన్ని పూడ్చే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ ఆ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలలు ముందు. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. కాబట్టి ఆపేసి మర్చిపోవడం తప్పు. ఆపేవాళ్ళు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోవాలి. 2003 నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ళు ప్రతినెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు విడుదల చేస్తున్నారు. నేను ఆ తరవాతి ఆదివారం దాకా ఆగుతాను. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి ఫైళ్ళు తుడిచేస్తే, నాలుగు రోజులకే ఆపి, సరిచేసి నవంబరులో మళ్ళీ ఇచ్చారు. ఆ నాలుగు రోజులూ ఆగినవాళ్ళకి ఏమీ కాలేదు. ఆదివారం పొద్దున్న డైరీ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, తెరిచినవన్నీ మూసి, అప్పుడు నా చేత్తో నేను నొక్కుతాను. అది దాని పని అది చేసుకుంటుంటే నేను పప్పు కడుక్కుంటాను.

ఏనాడూ కదపకుండా ఉంచుకున్న కంప్యూటర్ కూడా ఒకటి చూశాను. ఏలూరు రోడ్డు వెనక సందులో ఒక డీటీపీ షాపు ఉండేది. మెట్ల కింద గది. ఒక టేబుల్ ఫ్యాను, రెండు స్టూళ్ళు, గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయిందని అంతా మార్చేసుకుంటుంటే షాపాయన మార్చలేదు. ఇంటర్నెట్ వైరు ఆ కంప్యూటర్‌కి ఏనాడూ తగిలించలేదు. “ఇది నాకోసం కుదురుకుంది మేడం గారూ, దీన్ని కదపను” అనేవారు. రోజూ రాత్రి షాపు మూసేముందు మెత్తని గుడ్డతో తెర తుడిచి, మానిటర్ మీద పూలగుడ్డ కప్పేవారు.

ఆయన కీబోర్డు మీద అక్షరాలు చాలామటుకు చెరిగిపోయాయి. ఎడమవైపు కొన్ని కీలు నున్నగా గుంటపడి మెరిసేవి. కళ్ళు నా రాతప్రతి మీద, వేళ్ళు కీల మీద. మధ్యలో తెరవైపు చూసేవారే కాదు. కరెంటు పోతే యూపీఎస్ కూత పెడుతుంటే, ఆ అయిదు నిమిషాల్లోనే వాక్యం ముగించి, కంట్రోల్ ఎస్ నొక్కి, అప్పుడు విసనకర్ర అందుకునేవారు. కరెంటు వచ్చేదాకా ఇద్దరం అరసున్నా గురించీ, బండిరా గురించీ మాట్లాడుకునేవాళ్ళం. పాత పుస్తకాల్లో చూసిన బండిరా అంటే ఆయనకి చెప్పలేనంత ఇష్టం. ఫాంటులో దాన్ని పెట్టుకోవడానికి ఏ కీలు కలపాలో ఒక అట్టముక్క మీద రాసి గోడకి అంటించుకున్నారు.

మా చెల్లెలి కూతురి పెళ్ళికి శుభలేఖ అక్కడే ఇచ్చాను. రాత్రి పదింటికి ఫోను.

“మేడం గారూ, ‘బహుళ దశమి’ అని రాశారు. మీరిచ్చిన తారీఖుకి పంచాంగంలో శుద్ధ దశమి ఉంది. మార్చమంటారా?”

నేను లేచి పంచాంగం తెచ్చుకుని చూసేదాకా ఆయన లైన్లోనే ఉన్నారు. వెనకాల టేబుల్ ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

“మార్చండి” అన్నాను.