గీలినార్ దేశపు వంటశాలలు

గీలినార్ అను దేశము భూగోళపటములయందు గానరాదు. అచ్చటికి ఓడలు గాని రైళ్లు గాని పోవు. ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జి పట్టణమందలి జాగెక్స్ అను సంస్థవారి రూన్‌స్కేప్ అను ఆటలోని దేశమది. ఆ యాట 2001వ సంవత్సరమున వెలువడినది. 2007 నాటి ప్రతిని ఆధారముగా గైకొని 2013లో వేఱొక యాటను వెలువరించి, దానికి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని పేరిడిరి. 2018 నుండి చేతి ఫోనునందును దానిని ఆడవచ్చును. నానాదేశములవారు ఏకకాలమున అందు సంచరించుచు, కొందఱు యుద్ధములు చేయుచు, కొందఱు చెట్లు కొట్టుచు, కొందఱు మావలె వంటలు చేయుచు నుందురు.

ఆటలనిన మాకెన్నడును ఆసక్తి లేదు. మా తమ్ముడు ఇంగ్లండులోని లీడ్స్ నగరమున ఉద్యోగము చేయుచు ఒంటిగా నివసించుచున్నాడు. మా తల్లిగారు గతించిన తరువాత వాని మాటలు మఱింత తగ్గిపోయినవి. ఫోనులో "తింటివా నాయనా?" యని యడిగిన, "తింటినక్కా" యని యొక్క మాట పలికి యూరకుండును. ఒకనాడు వాడే, "అక్కా, రాత్రులు నేను గీలినార్‌లో నుందును. నీవచ్చటికి రారాదా? పని చేసికొనుచు మాటలాడుకొనవచ్చును" అనెను. పిలువక పిలువక పిలిచినాడు గదా యని గడచిన వేసవిలో బయలుదేరితిమి.

ఆ దేశమున నడుగిడువారు ముందుగా నొక శిక్షణద్వీపమున దిగవలెను. అచ్చట వల వేసి రొయ్యను పట్టి, నిప్పు రాజేసి కాల్చిననేగాని ముందునకు దారి లేదు. పుట్టినది మొదలు శాకాహారము తప్ప నెఱుగని మాకిది సంకటమయ్యెను. పరీక్షపత్రములు దిద్దుచున్న మావారు మా యవస్థ జూచి, కలము క్రింద బెట్టి, ఫోను పుచ్చుకొని ఆ రొయ్యను తామే కాల్చి యిచ్చి, పెరటిలోనికి పోయి చేతులు కడుగుకొని వచ్చిరి. చేతులేల కడిగిరో మేమడుగలేదు. అటుపిమ్మట ఆ ద్వీపమందే యొక వంటవాడు గోధుమపిండిని నీటితో కలిపి రొట్టె చేయుట నేర్పినాడు. ఆ విద్య మాకు నచ్చినది.

అప్పుడే యొక నియమము చేసికొంటిమి. చేప, మాంసము, మద్యము ముట్టక, అచ్చటి వంటవారి సంఘమందిరమున బ్రవేశింపవలెనని. ఆ మందిరమునకు బోవుటకు వంటయందు 32వ మెట్టు నందుకొనియుండవలెను. తమ్ముడీ మాట విని పకపక నవ్వినాడు. వాడట్లు నవ్వగా విని యెన్నాళ్లయ్యెనో! "అక్కా, చేపలు లేనిదే యెట్లెక్కుదువు? రొయ్యకు 30 అంకెలు, ట్రౌటు చేపకు 70, సాల్మనునకు 90, లాబ్‌స్టరునకు 120. 35వ మెట్టు దాటినచో ద్రాక్షపండ్లను నీటికూజాలో వేసి సారాయము చేయవచ్చును. కూజాకు 200" అని యేకరువు పెట్టెను. ద్రాక్షపండ్లు మంచివే గాని వానికా గతి పట్టింపజాలమని చెప్పితిమి.

ద్వీపము విడిచినవారు చేరునది లంబ్రిడ్జి. లమ్ అను నది యొడ్డున రాతికోట. కోటలో క్రింది యంతస్తున వంటశాల. ఆ కోటదొర పుట్టినదినము సమీపింపగా వంటవాడు పిండివంటకు గావలసిన సామగ్రి సమకూర్చుట మఱచి తల పట్టుకొని కూర్చున్నాడు. గ్రుడ్డు, పాలు, గోధుమపిండి తెచ్చి యిచ్చినవారికి 300 అంకెలు లభించును; కోట పొయ్యి వాడుకొను ననుమతియు దొరకును. నది కావలి యొడ్డున ఆవుల బీడున్నది. పాలిచ్చు ఆవును బిందెలోనికి పితికితిమి. కాని ఆ బీడునందే కొందఱు ప్రయాణికులు తోళ్లకొఱకు ఆవులను నఱకుచుండుట చూచి, తల త్రిప్పుకొని పరుగున వచ్చితిమి. ఆ దేశమున మాకు నచ్చని తావేదియని యడిగినచో అదియే. గ్రుడ్డును మాత్రము కోళ్ల దొడ్డినుండి తెచ్చి వంటవాని చేతిలో బెట్టితిమి. తినువారము మేము గాము గదా!

పిండి మర మాకు మిక్కిలి వేడుక గొలిపినది. పొలమున గోధుమవెన్ను కోసికొని, గాలిమరలో పైయంతస్తు వఱకు మెట్లెక్కి, గింజలు తొట్టిలో పోసి, మీట త్రిప్పి, మరల క్రిందికి దిగి, ఖాళీకుండను పెట్టి పిండిని పట్టుకొనవలెను. కుండెడు పిండి కింత శ్రమయా యని మొదట విసువు పుట్టినది. మా అమ్మమ్మగారు తిరుగలి చెంత గడపిన తెల్లవారుజాములు తలపునకు రాగా ఆ విసువు పోయినది.

మోయు సంచిలో 28 వస్తువులకు మించి పట్టవు. కోట పైయంతస్తున వస్తువులు దాచుకొను చోటున్నది. పొయ్యి క్రింద నున్నది. ఇక మా ప్రయాణమంతయు మెట్లమీదనే సాగినది. ఒక్కొక్క రొట్టెకు 40 అంకెలు. మాడిన రొట్టెకు సున్న. మొదట మాడినవే తఱచు. వాసన తగులదు, సెగ తెలియదు. పొయ్యిపై పిండి పెట్టిన తరువాత మన చేతిలో నేమియు లేదు. మనమెక్కిన మెట్టు ననుసరించి పాచికలు పడినట్లు పండుటయో మాడుటయో జరుగును. చేయి తిరుగుట యనగా ఆ దేశమున మెట్టు పెరుగుటయే.

10వ మెట్టునకు 1,154 అంకెలు కావలెను. అటుపై ఎఱ్ఱని చిఱుపండ్ల రొట్టెలు చేయ వీలగును. గోధుమపిండి ముద్దను పళ్లెరమున దొప్పవలె పఱచి, పండ్లు నింపి కాల్చుదురు. దానికి 78 అంకెలు. ఆ పండ్ల పొదలు వర్రాక్ పట్టణమున కాగ్నేయదిశను గనుల చెంత నున్నవి. 30వ మెట్టునుండి సీమరేగుపండ్ల రొట్టె, దానికి 130. 32వ మెట్టునకు మొత్తము 16,456. మేము కాగితముపై గుణించి చూడగా, మాడినవి గాక నూటయేబదికి పైగా ఎఱ్ఱపండ్ల రొట్టెలును, ఇరువదినాలుగు సీమరేగుపండ్ల రొట్టెలును అవసరమని తేలినది. కడపటి మెట్టు 99వది. దానికి 1,30,34,431 అంకెలు కావలెను. 92వ మెట్టు చేరునప్పటికి సగము దారియే గడచునట. తమ్ముడా 99ని ఎన్నడో చేరినాడు. చందా కట్టి యాడువారి భాగమున వంటవారి యంగవస్త్రము ధరించి తిరుగును. అది భుజముపై నున్నంతకాలము ఏ వంటయు మాడదు.

లెక్క యనునది మాకు తీపిగా నుండెననుట దాపనక్కఱలేదు. పెండ్లియైన పదునారేండ్లలో మేము వేసిన దోసెల నెవరు లెక్కించిరి? అచ్చట నొక్క రొట్టె పండిన వెంటనే అంకె పైకి లేచును. మెట్టు పెరిగినప్పుడు బాణసంచా వెలుగును. ఒకనాటి రాత్రి 20వ మెట్టెక్కి, మఱునాడు ఇంట పెసరట్లు వేయుచు, పొయ్యివంక నేమైనా మెఱయునా యని చూచితిమి.

అయినను అచ్చట నొక లోపమున్నది. మా రొట్టెయు తమ్ముని రొట్టెయు దాచుకొను చోట నొక్క రాశిలో చేరినచో ఎవరిది యెవరిదో విధాతకును తెలియదు. తినిన ప్రాణబలము హెచ్చును, గాయము మానును, అంతియే. బాహుకుడను పేర వికృతరూపమున దాగియున్న నలుని దమయంతి యేల గుర్తింపగలిగెను? దాసిచేత తెప్పించిన వంటకమును నాలుకపై నుంచుకొనినంతనే గదా. గీలినార్‌లో దమయంతి కా దారి లేదు.

ఈ మాట తమ్మునితో ననగా వాడు చాలసేపు పలుకలేదు. పిదప, "అక్కా, అమ్మ పెట్టు చారు నాకిచ్చట కుదురుటలేదు. అందుచేత వంట మానివేసితిని. పొయ్యిపై పాలు కాచుట తప్ప ఏడాదిగా నేమియు చేయలేదు" అనెను. కోటికి పైగా అంకెల వంటవాడు రొట్టెముక్కలు తిని దినములు గడపుచున్నాడు! పొడిలో మిరియము లెన్ని, పోపులో ఇంగువ యెప్పుడు వేయవలెను అని వాడడుగగా, మేము కోట మెట్లపై పిండి మోయుచునే చెప్పితిమి. నాలుగవనాటికి, "చారు కుదిరినది, కాని అమ్మది గాదు" అనెను. మాదియు అమ్మది గాదని, అమ్మకును అమ్మమ్మ చారు కుదరలేదని చెప్పితిమి. ఇప్పుడు వారమున మూడునాళ్లు వండుకొనుచున్నాడు.

వంటవారి సంఘమందిరము వర్రాక్ పట్టణమునకు పడమట నున్నది. ద్వారమున ప్రధానపాచకుడు నిలిచియుండి, మెట్టుతోబాటు తలపై తెల్లని వంటవాని టోపీ యుండినగాని లోనికి రానీయడు. టోపీ మేము సంతలో కొంటిమి. తమ్ముడును టోపీ పెట్టుకొని తోడు వచ్చెను. లోపల మూడంతస్తుల మర, పొయ్యి, నీటితొట్టి, సీమరేగుపండ్లు అన్నియు నొక్క కప్పు క్రింద నున్నవి. నదులు దాటి, పొలములు తిరిగి తెచ్చికొన్నవన్నియు అచ్చట చేతికందుచుండగా ఒక్క నిమిషము కదలక నిలుచుంటిమి. ఏలిక కోటలో వంటవాడు తల పట్టుకొని కూర్చుండిన దేశమున వంటవారికింత మందిరము కట్టినవారెవరో గాని బుద్ధిమంతులు.

40వ మెట్టునుండి కేకు చేయవచ్చునట; ఒక్కొక్క దానికి 180 అంకెలు. కాని గ్రుడ్డు లేని కేకు ఆ దేశమువారెఱుగరు. మరల కోళ్ల దొడ్డికి పోవలెనా వద్దా యని మావారితో నాలోచించుచున్నాము. వారింకను నుత్తర మీయలేదు.