ఉప్పుగాలి తిన్న ఇనుము

సముద్రానికి చేరువలో కాపురముండే వారికి ఇనుము శాశ్వతమన్న భ్రమ ఉండదు. పుదుచ్చేరిలో కిటికీ ఊచలు, గేటు బందులు, సైకిలు చువ్వలు అన్నీ ఏడాదికొకసారి రంగు కోరుతాయి. అడిగినప్పుడు ఇవ్వకపోతే ఉప్పుగాలి తన వాటా తాను తీసుకుంటుంది.

నటేశన్ నగర్ ఆ పట్టణానికి పడమట, ఇందిరాగాంధీ కూడలికి దాపున ఉన్న నివాస ప్రాంతం. ఫ్రెంచివారు కోడిగుడ్డు ఆకారంలో తీర్చిన పాత పట్టణాన్నీ, దాని చుట్టూ ఉన్న బులెవార్డులనూ దాటి వచ్చిన తరువాత ఇది తగులుతుంది. యాత్రికులు ఫోటోలు తీసుకునే పసుపుపచ్చ గోడలు ఇక్కడ లేవు. సముద్రం తూర్పున సుమారు మూడు కిలోమీటర్ల దూరం. అలల చప్పుడు ఇంతవరకు రాదు గాని, వాటి తేమ మాత్రం వస్తుంది.

మా నాన్నగారు ఉద్యోగరీత్యా యానాం నుండి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం అనే నాలుగు ఫ్రెంచి స్థావరాలు 1962లో చట్టరీత్యా మన దేశంలో కలిసిన నాటినుండి ఒకే పాలన కింద ఉన్నాయి. కనుకనే గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడుకునే యానాం వారికి ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరాన, తమిళ తీరంలో, రాజధాని ఏర్పడింది. ఆ దూరాన్ని నాన్నగారు ఎన్నోసార్లు తన జీపులోనే దాటారు.

అది ఎత్తయిన బానెట్టు గల సి.జె.3బి. మహీంద్రా సంస్థ విల్లిస్ జీపులను మన దేశంలో కూర్చడం 1947లో ప్రారంభించింది. ఈ నమూనా తయారీ 1968లో అమెరికాలో నిలిచిపోయినా, ఇక్కడ ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటి చెట్లను వేళ్లతో సహా పెకలించినప్పుడు, కూలిన కొమ్మల సందుల్లోంచి వీధి వీధికీ మంచినీటి డబ్బాలు చేరవేసింది ఈ జీపే. ఆ మాట నాన్నగారు ఎన్నడూ గొప్పగా చెప్పుకోలేదు. ఇరుగుపొరుగు వారు చెప్పగా నేను విన్నాను.

ఆయన పోయిన తరువాత జీపు రేకుల షెడ్డు కింద రెండు వర్షాకాలాలు కదలకుండా నిలిచిపోయింది. ఈ తీరానికి వాన ప్రధానంగా అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. అంటే, సముద్రం మీదుగా వీచే గాలితోనే వస్తుంది. దానిని యానాం తీసుకుపోదామని నేను వెళ్లాను. కొత్త బ్యాటరీ, ఆయిలు, డీజిలు పోయగానే ఇంజను పలికింది. ఇక సాయంత్రానికల్లా బయలుదేరవచ్చుననుకున్నాను. అంతలో ఎడమవైపు ముందు చక్రం లోపలినుండి నల్లటి జిడ్డు నేల మీదికి బొట్లు బొట్లుగా కారడం కనిపించింది.

సమీపంలో ఉన్న చిన్న వర్క్‌షాపు మేస్త్రిని పిలుచుకు వచ్చాను. వయసు మళ్లినవాడు. ఊరు తమిళమైనా తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం; ఆయన తెలుగులో ఒక తమిళపు సాగుదల ఉంది. చక్రం కింద జాకీ పెట్టి పైకెత్తి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపి చూశాడు.

"విప్పాలి బాబూ," అన్నాడు.

"పై సీలు మార్చి గ్రీజు పెడితే సరిపోదా మేస్త్రి గారూ? రేపటికి నేను నెల్లూరు దాటాలి."

"సీలు తెగింది నిజమే. ఎందుకు తెగిందో చూడవద్దా?"

ఈ రకం ముందు యాక్సిలు చివర, పనస గింజలా నున్నగా తిరగాల్సిన ఉక్కు గోళం ఒకటి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రాన్ని మోసే గుల్ల దానిని కప్పుకుని, పైనా కిందా ఉండే కింగ్‌పిన్నుల మీద అటూ ఇటూ తిరుగుతుంది. చక్రానికి శక్తినందించే జాయింటు ఆ గోళం లోపల దాగి ఉంటుంది. లోపలి కందెన బయటికి పోకుండా, బయటి నీరు లోపలికి రాకుండా గుల్ల అంచున ఉన్న సీలు గోళాన్ని ఒరుసుకుంటూ కాపలా కాస్తుంది. బండి తిరుగుతూ ఉన్నంత కాలం ఆ ఒరిపిడిలో గోళం మీద చమురు పొర నిలుస్తుంది. బండి నిలిచిపోతే ఆ పొర ఆరిపోతుంది. గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. అందులోని క్లోరైడు ఇనుమును అంతటా సమంగా తినకుండా అక్కడక్కడ లోతుగా తొలుస్తుంది. మా జీపు గోళం మీద ఆవగింజలంత గుంటలు చంద్రవంకలా బారులు తీరి ఉన్నాయి. చక్రం తిప్పిన ప్రతిసారీ ఆ గుంటల అంచులు సీలును ఆకురాయిలా కోసేస్తున్నాయి. అటువంటి చోట ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలిచేవి కొన్నాళ్లే.

గోళాన్ని చూసి నేను నిరుత్సాహపడ్డాను గాని, మేస్త్రి చలించలేదు. "దీని పైచర్మం బరువు మోయదు బాబూ. బరువంతా కింగ్‌పిన్నుల మీదుగా పోతుంది. సీలుకు నున్నగా తగిలితే చాలు. కాబట్టి గుంటలు పూడ్చవచ్చు," అన్నాడు. వెల్డింగు చేసి లేతు మీద తీయిస్తే మరింత గట్టిగా ఉండదా అని అడిగాను. ఆ వేడికి గోళం వంకర తిరిగితే అసలుకే మోసమన్నాడు.

ఆ తరువాత ఆయన చేసిన పనిని నేను ఇప్పటికీ మరువలేను. చక్రపు బేరింగులు కూర్చునే స్పిండిలును తుడిచి, కిరసనాయిలుతో తడిపి, కాసేపు ఆగి పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. దాని మీద సుద్దపొడి అద్ది, బీడీ ముట్టించుకుంటూ దూరంగా వెళ్లి కూర్చున్నాడు. కొన్ని నిమిషాలకు, స్పిండిలు మొదట్లో, తెల్లని సుద్ద మీద వెంట్రుకంత గీత తడిగా తేలింది. పగులులో దాగిన కిరసనాయిలు సుద్దలోకి ఊరి వచ్చిందన్నమాట.

నేను మాటలేక నిలబడిపోయాను. ఆ సాయంత్రం నేను కోరినట్లు సీలు మాత్రమే మార్చి ఉంటే, ఆ పగులు నాతోపాటు జాతీయ రహదారి ఎక్కి ఉండేది. బండిలో నా పక్కన మా అమ్మ కూర్చోవలసి ఉంది.

"దీన్ని కూడా పూడ్చవచ్చునా?" అని అడిగాను, జవాబు తెలిసే.

"బరువు మోసేదాన్ని పూడ్చకూడదు. మార్చాలి. పాత సామాను కూడా వద్దు. అది ఏ ఊరి ఉప్పునీరు తాగిందో మనకేం తెలుసు?"

కొత్త స్పిండిలు కోసం మనిషిని నూట యాభై కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి, మోటారు విడిభాగాల అంగళ్లకు పేరుపొందిన జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు పంపాడు. ఈలోగా గోళం పని సాగింది. తీగబ్రష్షుతో తుప్పు రాల్చి, గుంటల అడుగు దాకా గీకి, జిడ్డు లేకుండా కడిగి ఆరబెట్టారు. లోహపు పొడి కలిపిన ఎపాక్సీ ముద్దను గుంటల్లో అదిమి ఒక రాత్రి గట్టిపడనిచ్చారు. మరునాడు కుర్రవాడొకడు ఎమరీ కాగితాన్ని చమురులో ముంచి, గరుకు నుండి సన్నానికి మారుస్తూ, గోళపు వంపు చెడకుండా చేత్తో రుద్దాడు. పూడిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలియకుండా పోయిన తరువాతే మేస్త్రి సరేనన్నాడు.

కింగ్‌పిన్ను బేరింగులు కొత్తవి వేసి, వాటి బిగువును పల్చని లోహపు రేకులు చేర్చీ తీసీ సరిచేశాడు. స్టీరింగు చేతికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగుతూ, అది చూపే బరువును బట్టి ఒక రేకు పెట్టాలా తీయాలా అని నిర్ణయించాడు. మరీ బిగిస్తే బేరింగు నలిగిపోతుంది. వదులైతే చక్రం వణుకుతుంది. ఆ తరువాత కొత్త సీలు, కొత్త కందెన.

నాలుగో రోజు వేకువన బయలుదేరబోతూ, ఇక మీదట ఏం జాగ్రత్త తీసుకోవాలని అడిగాను. "వారానికొకసారైనా నడుపు. స్టీరింగు ఇటు చివరిదాకా, అటు చివరిదాకా తిప్పు. ఆ చమురు పొర అదే నిలుస్తుంది," అన్నాడు మేస్త్రి.

నెల్లూరు దాటిన తరువాత ఒకసారి, రాజమహేంద్రవరంలో మరొకసారి బండి ఆపి, వంగి, గోళం మీద వేలు రాసి చూశాను. సన్నని జిడ్డు పొర అంటింది. నేల మీద చుక్క పడలేదు. యానాంలో మా ఇంటికీ గౌతమీ గోదావరికీ ఎంతో దూరం లేదు. అక్కడా సముద్రపు గాలి వీస్తూనే ఉంటుంది. ప్రతి ఆదివారం ఉదయం మా అమ్మ గుర్తుచేస్తుంది: "మీ నాన్న జీపు ఒకసారి తిప్పి తీసుకురా నాయనా."