యారికో కథ పిల్లలకు ఎందుకు చెప్పాను

1784లో జర్మనీలోని మన్‌హైమ్ పట్టణంలో షిల్లర్ అనే యువ నాటక రచయిత ఒక ప్రసంగం చేశాడు. అప్పటికి ఆయనకు 24 ఏళ్ళు. చట్టం చేయి అందని చోట రంగస్థలం న్యాయం చెప్పగలదని ఆయన వాదించాడు. నాటకం అంటే పొద్దుపోవడానికి మాత్రమే కాదు, అది ఊరందరికీ బడి అని ఆయన నమ్మకం.

ఆ కాలాన్ని రొమాంటిక్ యుగం అంటారు. పేరు విని ప్రేమకథల కాలం అనుకోకండి. సుమారు 1780ల నుంచి 1830ల దాకా యూరప్‌లో కవులు, రచయితలు మనిషి హృదయానికి, స్వేచ్ఛకు పెద్దపీట వేసిన రోజులవి. అప్పట్లో చదువు రాని జనం చాలామంది. వాళ్ళకు పుస్తకం అందదు, నాటకం అందుతుంది. ఇది నాకు కొత్త సంగతి కాదు. మా నాయనమ్మకు ఒక్క అక్షరం రాదు. కానీ రామాయణం మొత్తం వచ్చు. రాత్రంతా సాగే రామభజనల్లో విని నేర్చుకుంది.

ఇంగ్లండులో ఆ బడి ఏం నేర్పింది? అందులో ఒక పాఠం మనకు బాగా దగ్గరిది. అది బానిసత్వం గురించిన పాఠం.

1787లో లండన్‌లో బానిస వ్యాపారాన్ని ఆపాలని ఒక సంఘం పుట్టింది. అదే ఏడు ఆగస్టులో హేమార్కెట్ నాటకశాలలో జార్జ్ కోల్మన్ రాసిన ‘ఇంకిల్ అండ్ యారికో’ అనే పాటల నాటకం మొదలైంది. ఇంకిల్ ఒక ఇంగ్లీషు వర్తకుడు. అమెరికా తీరంలో ప్రాణాపాయంలో పడితే యారికో అనే అక్కడి అమ్మాయి అతన్ని దాచి కాపాడుతుంది. ఇద్దరూ ప్రేమించుకుంటారు. ఓడెక్కి బార్బడోస్ చేరగానే అతనికి లెక్కలు గుర్తొస్తాయి. తనను కాపాడిన మనిషినే బానిసగా అమ్మబోతాడు! అతని పనివాడు ట్రజ్ మాత్రం తన ప్రియురాలిని అమ్మనంటాడు. యజమాని కంటే నౌకరు పెద్దమనిషి అని హాలంతా చూసింది. ఎంత కరపత్రం రాస్తే ఈ సంగతి అంత సూటిగా తగులుతుంది?

కానీ ముగింపు చూడండి. పాత కథలో ఇంకిల్ ఆమెను నిజంగానే అమ్మేస్తాడు. గర్భవతినని ఆమె ఏడిస్తే ధర ఇంకా పెంచుతాడు. కోల్మన్ నాటకంలో అతను పశ్చాత్తాపపడి ఆమెనే పెళ్ళి చేసుకుంటాడు. జనం చప్పట్లు కొట్టి సంతోషంగా ఇంటికి వెళ్ళారు. నాకు ఆ ముగింపు నచ్చదు. ఏడవాల్సిన చోట నవ్వించి పంపాడు. (ఇదే కోల్మన్ 1824లో ప్రభుత్వం తరఫున నాటకాలు చదివి, మాటలు కొట్టేసే అధికారి అయ్యాడు. చాలా కఠినుడని పేరు.)

ఆ రోజుల్లో లండన్‌లో పాటలు లేని మాటల నాటకం ఆడే హక్కు రెండు పెద్ద నాటకశాలలకే ఉండేది. వేసవిలో మాత్రం హేమార్కెట్‌కూ ఉండేది. మిగతా చిన్న నాటకశాలలు పాటలు, సంగీతం కలిపి ఆడుకోవాలి. థేమ్స్ నది అవతల ఒడ్డున ఉన్న కోబర్గ్ అలాంటిదే. 1825లో అక్కడ ఐరా ఆల్డ్రిడ్జ్ అనే నల్లజాతి నటుడు ముఖ్యపాత్ర వేశాడు. న్యూయార్క్‌లో పుట్టినవాడు, ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. నాటకం సురినామ్ బానిసల తిరుగుబాటు గురించి. 1833లో కోవెంట్ గార్డెన్‌లో ఒథెల్లో వేస్తే కొన్ని పత్రికలు అతని రంగును వెక్కిరించాయి. రెండు రాత్రులతో అక్కడ ఆట ఆగింది. అతను మాత్రం ఆగలేదు. ఊరూరా తిరిగి ఆడాడు. ఆఖరి ఆట అయ్యాక ప్రేక్షకులతో నేరుగా బానిసత్వం గురించి మాట్లాడేవాడు. వేషం తీసేసి పాఠం చెప్పినట్టే కదా. నాకైతే షిల్లర్ ప్రసంగం కంటే ఈ మాటలే గొప్పవి.

అదే 1833 ఆగస్టులో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చింది. యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం దొరికింది. బానిసలకు ఏమీ లేదు. మన మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న చట్టం అమలయింది. అంతకు ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయిస్‌లో దిగారు. ఆ తర్వాత భారతదేశం నుంచి దాదాపు 5 లక్షల మంది వచ్చారు. వాళ్ళలో కోరంగి రేవు నుంచి వచ్చిన మన పెద్దలూ ఉన్నారు. అందుకే మనల్ని ఇక్కడ ‘కోరంగి’ అని పిలిచేవారు.

పోర్ట్ లూయిస్‌లో నాటకశాల 1822 నుంచీ ఉంది. అది తెరిచిన నాటికి ఈ దీవిలో ఎక్కువమంది బానిసలే. ఆ తర్వాత రేవులో దిగిన కూలీలు ఆ నాటకశాలకు ఎంతో దూరంలో లేరు.

మా సాయంత్రపు తెలుగు తరగతిలో పిల్లలు ఏటా ఒక నాటకం వేస్తారు. చాలామందికి తెలుగు గట్టిగా పలికే చోటు అదొక్కటే. ఈసారి వాళ్ళకు యారికో కథ చెప్పాను, రెండు ముగింపులూ చెప్పాను. ఏది వేద్దామని అడిగితే గొడవ పడ్డారు. సగంమంది పెళ్ళి కావాలన్నారు. ఒక పదేళ్ళ అమ్మాయి మాత్రం, “మాస్టారూ, యారికోను ఎవరూ అడగలేదు కదా, ఆమెకు ఏం కావాలో?” అంది.

ఇప్పుడు యారికోకు మాటలు రాస్తున్నాం. ఆ అమ్మాయే చెబుతోంది, నేను రాస్తున్నాను. మొదటి వాక్యం దగ్గరే రెండు వారాలు గడిచాయి. యారికో అతనితో “నువ్వు” అనాలా, “మీరు” అనాలా అన్నది తేలలేదు. ప్రేమించినప్పుడు “నువ్వు” అనాలని, అమ్మబోతున్నాడని తెలిశాక “మీరు” అనాలని ఆ అమ్మాయి పట్టు.